బండికి క్రాష్ గార్డ్ సరే.. మనిషికి?

హన్మకొండలోనో కరీంనగర్‌లోనో కొత్తగా బండి తీసుకున్నవాళ్ల బిల్లు చూడండి. ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ పోను కింద యాక్సెసరీస్ పద్దు ఉంటుంది: క్రాష్ గార్డ్, చీర గార్డ్, సీటు కవర్, ట్యాంకు కవర్. బండి పడితే ఇంజనుకు దెబ్బ తగలకుండా ఇనుప కడ్డీ ఉంది. దాని మీద కూర్చున్న మనిషి అరచేతికి, మోచిప్పకు, మోకాలికి ఏమీ లేదు. ఉన్నదల్లా హెల్మెట్, అదీ చట్టం చెప్పింది కాబట్టి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం బండి అమ్మేటప్పుడే తయారీదారు బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలి. ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడం 2021 జూన్ 1 నుంచి నేరం. జాకెట్‌కు, గ్లౌజులకు, మోకాలి గార్డులకు మాత్రం అలాంటి తప్పనిసరి గుర్తేదీ లేదు. ఎవరు ఏది కుట్టి ‘రైడింగ్ గేర్’ అని రాసి అమ్మినా అడిగేవాడు లేడు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029 అని కేంద్ర రవాణా శాఖ లెక్క. కాబట్టి హెల్మెట్‌కే మొదటి పీట, అందులో వాదన లేదు. కానీ ప్రాణం దక్కి మణికట్టు విరిగినవాడు, మోకాలి చిప్ప పగిలి ఆర్నెల్లు పనికి పోలేనివాడు ఈ పట్టికల్లో విడిగా కనపడడు. గేర్ మార్కెట్‌కు కూడా అతను కనపడడం లేదన్నదే ఇక్కడ అసలు విషయం.

మార్కెట్ లేక కాదు. గత పదేళ్లలో దేశీ కంపెనీలు మంచి సరుకే తెచ్చాయి. రైనాక్స్, రాయల్ ఎన్‌ఫీల్డ్ వంటి పేర్లు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ తెలుసు. కాకపోతే ఆ సరుకంతా లద్దాఖ్ పోయేవాళ్ల కోసం, 350 సీసీ బండ్ల కోసం, ఆదివారం పొద్దున్నే గుంపుగా లక్నవరం పోయొచ్చేవాళ్ల కోసం తయారైంది. కాస్త నమ్మదగిన జాకెట్ సుమారు 5-6 వేలు, గ్లౌజులు 2 వేలు, మోకాలి గార్డులు 2 వేలు, బూట్లు 7 వేలు వేసుకున్నా మొత్తం 16-17 వేలు అవుతుంది. 80 వేల బండి నడిపే మనిషికి అది బండి ఖరీదులో ఐదో వంతు. ఇక్కడ రోజంతా బండి మీదుండేది ఎవరు? విత్తనాల కంపెనీ ఏజెంట్, మందుల రెప్, లైన్‌మన్, పంచాయతీ కార్యదర్శి, ఫైనాన్స్ వసూళ్లకు తిరిగే కుర్రాడు, డెలివరీ పిల్లలు, సింగరేణిలో రాత్రి షిఫ్టుకు పోయే కార్మికుడు. వీళ్లలో ఎవరి కోసమూ ఎవరూ జాకెట్ కుట్టలేదు.

రోడ్డు మాత్రం సీసీ చూసి తోలు తీయదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కిందపడ్డ మనిషి తారు రోడ్డు మీద దాదాపు 15 మీటర్లు జారుతాడు, ఆగడానికి రెండు సెకన్లకు పైనే పడుతుంది. మామూలు జీన్స్ ప్యాంటు సెకను లోపే చిరుగుతుంది. పాలిస్టర్ చొక్కా ఇంకా ప్రమాదం, రాపిడి వేడికి కరిగి పుండుకు అతుక్కుంటుంది. పల్లె రోడ్ల మీద పడేది కూడా ఈ వేగంలోనే: యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, పొద్దుగూకాక నల్ల టార్పాలిన్ కప్పుతారు. లేదంటే గీతలు లేని స్పీడ్ బ్రేకర్, లేదంటే బర్రె.

ఏ వేగానికి ఎంత రక్షణ కావాలో యూరప్ ప్రమాణం 2020లోనే విడగొట్టి చెప్పింది. ఈఎన్ 17092 కింద దుస్తులకు ఏఏఏ, ఏఏ, ఏ అనే తరగతులున్నాయి. రాపిడి పరీక్ష ఏఏఏకు గంటకు 120 కిలోమీటర్లు, ఏఏకు 70, ఏకు 45 వేగంతో సమానం. ‘బి’ అంటే ఏ లాంటిదే గానీ లోపల ప్యాడ్లు ఉండవు. ‘సి’ అంటే ప్యాడ్లు మాత్రమే, రాపిడి నుంచి రక్షణ ఉండదు. కిలోన్నర బరువుండే ఏఏఏ జాకెట్ నర్సంపేట నుంచి వరంగల్ వచ్చే మనిషికి అక్కర్లేదు. అతనికి కావాల్సింది ‘ఏ’ తరగతి. తేలిగ్గా, చొక్కా మీద వేసుకుని, ఆఫీసుకు చేరగానే మడిచి డిక్కీలో పడేసేది. అలాంటి జాకెట్ మార్కెట్లో లేకపోవడానికి కారణం ధరేనని అందరూ అనుకుంటారు, అది సగం నిజం. మిగతా సగం ఎండ.

రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు వింతేం కాదు. మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి 44 ఉన్నప్పుడు మెష్ జాకెట్ రంధ్రాల్లోంచి వచ్చేది వడగాలే. దానికి ఒంట్లో నీరు త్వరగా ఇంకిపోతుంది. బండి కదులుతున్నంతసేపు ఫర్వాలేదు, కాజీపేట చౌరస్తాలో సిగ్నల్ పడితే లోపల ఉడుకే. కాటన్ బనీను తడిపి పిండి లోపల వేసుకుంటే పొడి ఎండలో చల్లగా ఉంటుంది, అది ఆరేదాకా. ఆగస్టు ఉక్కలో ఈ ఉపాయం పనిచేయదు, చెమటే ఆరదు. ‘సమ్మర్ జాకెట్’ అని అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

ఎండాకాలం జాకెట్‌లో మెష్ ఎక్కడుందన్నది చూడాలి. రోడ్డుకు ముందు తగిలేవి భుజం అంచు, మోచేతి బయటి వైపు. అక్కడ గట్టి నేత ఉండాలి, 500-600 డెనియర్ (నూలు మందానికి కొలత) నైలాన్ గానీ పాలిస్టర్ గానీ. మెష్ ఛాతీకి, చేతుల లోపలి వైపుకు, వీపు మధ్యకు సరిపోతుంది. తక్కువ ధర జాకెట్లలో మోచేతి దాకా పెద్ద రంధ్రాల మెష్‌తోనే కానిచ్చేస్తారు. మొదటి జారుడుకే అది విడిపోతుంది, లోపలి ప్యాడ్ పక్కకు పోతుంది.

ఇంకో సంగతి ఉంది, మన దగ్గర దాన్ని షాపువాళ్లు కూడా పట్టించుకోరు. ఇప్పటి మెత్తటి ప్యాడ్లు దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడే రకం పాలీయురెథేన్‌వి. వేడికి ఇవి మరీ మెత్తబడి, దెబ్బను లోపలికి ఎక్కువగా పంపుతాయి. అందుకే ప్యాడ్ల యూరప్ ప్రమాణంలో ఐచ్ఛికంగా ‘టీ ప్లస్’ పరీక్ష పెట్టారు, 40 డిగ్రీల దగ్గర కూడా పాసైందని అర్థం. చలికి ‘టీ మైనస్’, సున్నాకు 10 డిగ్రీల కింద. ఆదిలాబాద్ చలి కూడా అంత దూరం పోదు గనుక టీ మైనస్ మనకు అనవసరం. టీ ప్లస్ లేని ప్యాడ్ మాత్రం ఉత్తర తెలంగాణలో ఎండాకాలమంతా పరీక్షించని స్థితిలో పనిచేస్తున్నట్టే లెక్క. మధ్యాహ్నం పార్కింగులో బండి మీద వేలాడదీసిన జాకెట్ 40 డిగ్రీల దగ్గర ఆగుతుందా?

ప్యాడ్ బయటకు తీసి చూడనివ్వని షాపులో కొనొద్దు. లోపలి జేబు తెరిచి ప్యాడ్ లాగితే వెనక అచ్చు పోసిన గుర్తులుంటాయి: బండి మీద మనిషి బొమ్మ, ఈఎన్ 1621-1 అనే అంకె, పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే భుజం, ఈ అంటే మోచేయి, కే అంటే మోకాలు, హెచ్ అంటే తుంటి. తర్వాత టైప్ ఏ లేదా బి, ఏ చిన్న సైజు. చివర 1 లేదా 2 అని స్థాయి. ఐదు కిలోల దిమ్మెను మీటరు పైచిలుకు ఎత్తు నుంచి, అంటే 50 జౌళ్ల శక్తితో ప్యాడ్ మీద వదిలితే కిందికి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు మించకపోతే స్థాయి 1, 20 మించకపోతే స్థాయి 2. వీపు ప్యాడ్‌కు ప్రమాణం వేరు, ఈఎన్ 1621-2. అక్కడ హద్దులు 18, 9. మోసం ఎక్కువగా జరిగేది ఈ వీపు దగ్గరే. ‘సీఈ ఆర్మర్’ (యూరప్ ప్రమాణాలకు సరిపోయిందని చెప్పే సీఈ గుర్తున్న ప్యాడ్లు) అని ట్యాగు ఉంటుంది, భుజాల్లో, మోచేతుల్లో నిజంగానే ఉంటుంది, వీపు జేబులో మాత్రం ఏ గుర్తూ లేని ఫోం షీటు. గోటితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉంటుంది. జాకెట్ నిలబడటానికి పెట్టిన అట్ట అనుకోండి దాన్ని. ప్యాడ్‌కు సీఈ ఉన్నంత మాత్రాన జాకెట్‌కు ఉన్నట్టు కాదు, జాకెట్ అస్తరు మీద విడిగా ఈఎన్ 17092, తరగతి కుట్టి ఉండాలి.

సైజు సరిపోకపోతే ఇవన్నీ ఉన్నా లాభం లేదు. జాకెట్ వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి మోచేయి మడవండి. ప్యాడ్ మోచిప్ప మీదే ఉండాలి, పక్కకు తిరిగితే ముంజేతి పట్టీ బిగించి చూడండి, అప్పటికీ తిరిగితే ఆ జాకెట్ మీది కాదు. 36 అంగుళాల ఛాతీ ఉన్న సన్నటి మనిషికి దొరికే అతి చిన్న సైజులో కూడా భుజాలు జారతాయి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే మార్చుకోవడానికి వారం, ఒక్కోసారి రానూ పోనూ ఖర్చు కూడా. వరంగల్ షాపుల్లో ఉండేవేమో ఎల్, ఎక్సెల్. ఎందుకంటే ఒక్కో మోడల్‌లో ఆరు సైజులు, రెండు రంగులు పెట్టుకోవాలంటే పన్నెండు జాకెట్లు, 60 వేల పెట్టుబడి గోడకు వేలాడాలి. షాపువాడిని తప్పు పట్టలేం. హెల్మెట్లలోనూ ఇదే తంతు: 580, 600 మిల్లీమీటర్ల సైజులు గుట్టలుగా ఉంటాయి, ఆడవాళ్లకు సరిపోయే 540, 560 అడిగితే ‘లోపల స్పాంజి పెట్టిస్తా’ అంటారు. అలా వదులైన హెల్మెట్ పడినప్పుడు ముందు ఊడేదే.

ఆడవాళ్ల విషయంలో మార్కెట్ దాదాపు శూన్యం. ఉన్న కొద్ది మోడళ్లు కూడా ప్యాంటు వేసుకుని సొంతంగా పెద్ద బండి నడిపేవాళ్లకు. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే మనిషి పడితే ముందు ఆనేది ఒకవైపు తుంటి, మోచేయి, అరచెయ్యి. ఆమెకు ప్యాంటు గార్డులు అమ్మలేం. కావాల్సింది పొడవు చేతుల కోటులాంటిది, బయటి వైపు గట్టి నేత, మోచేయి, భుజం, తుంటి దగ్గర ప్యాడ్లు, ముందు జిప్పు, కొంగు లోపలికి దోపుకునే వీలు. చలికాలంలో స్వెట్టర్ మీద కోటు తొడిగి పొలాలకు, బీడీ కంపెనీలకు పోయే ఆడవాళ్లున్న జిల్లాలివి, కోటు వాళ్లకు కొత్త కాదు. ఇక పిల్లలు: తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హార్నెస్ (పిల్లను నడిపేవాళ్లకు కట్టి ఉంచే పట్టీలు), హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటొద్దని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లో ఉంది. ఆ హార్నెస్ ఏ షాపులో దొరుకుతుందో అడిగి చూడండి.

గ్లౌజుల్లో తప్పు ఇంకో రకం. పిడికిలి మీద గట్టి ప్లాస్టిక్ తాబేలు చిప్పలా మెరుస్తుంది, కొనేవాడి కన్ను అక్కడే ఆగుతుంది. పడేటప్పుడు మనిషి అరచేతులే ఆనిస్తాడు. చూడాల్సింది అరచేతి మడమ దగ్గర, మణికట్టుకు కాస్త పైన, జారే ప్లాస్టిక్ ముక్క ఉందా అని. అది లేకపోతే అరచెయ్యి రోడ్డుకు పట్టుకుని మణికట్టు మెలి తిరుగుతుంది. రెండోది పట్టీ. బిగించాక గ్లౌజు కొస పట్టి లాగితే ఊడి రాకూడదు.

కాళ్లకైతే తక్కువలో ఒక దారి ఉంది. హార్డ్‌వేర్ షాపుల్లో ఐఎస్ 15298 గుర్తుతో అమ్మే ఎత్తు చీలమండ సేఫ్టీ షూ వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. బైక్ బూటంత కాదు, చెప్పులతో పోలిస్తే మాత్రం నూరు రెట్లు నయం. పొట్టి రకం తీసుకోవద్దు, చీలమండ ఎముక కప్పబడాలి. ముందు ఉక్కు టోపీ లావుగా ఉంటే గేర్ లివర్ కిందికి దూరదు, కొనేముందు బండి దగ్గర కూర్చుని చూసుకోవాలి. లేదా లివర్‌ను ఒక పన్ను పైకి ఎక్కించుకోవాలి, మెకానిక్‌కు ఐదు నిమిషాల పని.

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారాక 350 సీసీ లోపు బండ్లపై పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అదే రోజు దుస్తులపై 5 శాతం పన్ను గీత రూ.1,000 నుంచి రూ.2,500కు జరిగి, అది దాటితే పన్ను 12 నుంచి 18కి పెరిగింది. బండి చవకైంది, మంచి జాకెట్ ప్రియమైంది. కానీ తయారీదారు కోణంలో చూస్తే ఈ రూ.2,500 గీతే లక్ష్యం కావాలి. ఆ ధరలో జాకెట్‌కు నాలుగు ప్యాడ్లు, గట్టి నేత, పాక్షిక మెష్ ఉండాలి, వాన అస్తరు అక్కర్లేదు. వాన అస్తరు లోపల ఉండటం అసలే తెలివితక్కువ పని, బయటి గుడ్డ మొత్తం నీళ్లు తాగి బరువెక్కుతుంది. దానికి వేరే రెయిన్‌కోటు మేలు.

ఇది కుట్టగల చేతులు దూరంగా లేవు. 2017 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వరంగల్ జిల్లా గీసుగొండ, సంగెం మండలాల్లో ఉంది. చలి దేశాల కోటులు, క్రీడా దుస్తులు కుట్టడంలో పేరున్న కొరియా సంస్థ యంగ్‌వన్ అక్కడికొచ్చింది. సిరిసిల్ల మగ్గాలు పాలిస్టర్ నేస్తూనే ఉన్నాయి. అయితే సన్నటి చీర గుడ్డ నేసే మగ్గం మీద రేపటి నుంచి 600 డెనియర్ నేయమంటే కుదరదు. బరువు నేతకు మగ్గం మార్పులు కావాలి. నాలుగు పొరలు ఒకేసారి కుట్టే వాకింగ్ ఫుట్ మిషన్లు, తెగని బాండెడ్ నైలాన్ దారం కావాలి. మామూలు కాటన్ దారంతో కుట్టిన ‘ఏ’ తరగతి గుడ్డ కుట్టు దగ్గరే విచ్చుకుంటుంది. ఈ ఖర్చు ఎవరూ ఊరికే పెట్టరు, మొదటి పెద్ద ఆర్డరు ఎవరో ఒకరు ఇవ్వాలి.

ఇవ్వగలిగినవాళ్లు హన్మకొండలోనే ఉన్నారు. ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కేంద్రం అక్కడే. దాని లైన్‌మెన్లు, మీటర్ రీడర్లు ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా రోజూ బండ్ల మీదే తిరుగుతారు. యూనిఫాం బట్ట ఇచ్చే ఏ శాఖ అయినా అందులో జాకెట్ చేర్చొచ్చు. అసలు చిక్కు టెండర్ రాయడంలో. ‘రైడింగ్ జాకెట్, మంచి నాణ్యత’ అని రాస్తే తక్కువ కోట్ చేసినవాడికే పోతుంది. రాయాల్సింది: ఈఎన్ 17092 ఏ తరగతి, భుజం, మోచేయి ప్యాడ్లు 1621-1 స్థాయి 1 టీ ప్లస్‌తో, వీపు ప్యాడ్ 1621-2, ఛాతీ సైజు 34 నుంచి 44 దాకా, అందులో ఆడవాళ్ల కొలతలు విడిగా, వీపుపై రెండు అంగుళాల రిఫ్లెక్టివ్ పట్టీ, మూడేళ్లపాటు ప్యాడ్లు, జిప్పులు విడిగా దొరకాలి. ప్రతి లాట్ నుంచి కొనేవాళ్లు ఏరుకున్న రెండు జాకెట్లు కోసి, ప్యాడ్లు బయటకు తీసి గుర్తులు సరిచూడాలి. కోసిన జాకెట్ల ఖర్చు సరఫరాదారుదే.