తప్పు తెలుగుది కాదు, ఫ్రేములది

స్నేహితుల దినం నాడు మన బెంగళూరు తెలుగు సంఘం హాల్లో వేసిన 'స్టార్ ట్రెక్ 3: ద సర్చ్ ఫర్ స్పాక్' సినిమా గొడవ వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా నలుగుతూనే ఉంది. సినిమాను సగంలో ఆపి శాలువాలు, జ్ఞాపికలు కానిచ్చాక కార్యవర్గం తెలుగు సబ్‌టైటిల్స్ తీసేయించింది. "రోదసి సినిమాకి తెలుగేంటండీ, మన పిల్లలకి ఇంగ్లీషు చాలదూ?" అని ముందు వరుసలోంచి ఎవరో అంటే చప్పట్లు కూడా పడ్డాయి. అభ్యంతరం ఆ చప్పట్ల మీదే.

మొదటి సగం చూడలేకపోయామన్న మాట నిజమే. తెర మీద మనిషి నోరు విప్పకముందే మాట కింద వచ్చి వెళ్ళిపోతుంటే ఎవరికైనా విసుగే. అయితే అలా ఎందుకైంది? సబ్‌టైటిల్స్‌కి టైమింగ్ కట్టింది మన దేశంలో అమ్మిన పాత డీవీడీని చూసి. అది పాల్ (PAL) అనే టీవీ పద్ధతిది, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడి బొమ్మలు. హాల్లో వేసింది బ్లూరే, సెకనుకు 23.976. అంటే డీవీడీలో సినిమా నాలుగు శాతం వేగంగా నడుస్తుంది. ఆ లెక్కతో రాసిన మాటలు బ్లూరే మీద గంట గడిచేసరికి రెండున్నర నిమిషాలు ముందుంటాయి, 105 నిమిషాల సినిమా చివరికి నాలుగు నిమిషాలు దాటుతుంది. సినిమా వేసే వీఎల్‌సీ ప్లేయర్‌లో హెచ్ మీట ఒక్కసారి నొక్కితే సబ్‌టైటిల్స్ వెనక్కి జరిగేది 50 మిల్లీసెకన్లే. ఆ తేడాను దాంతో పూడ్చాలంటే దాదాపు సెకనుకో నొక్కు చొప్పున సినిమా పొడుగునా నొక్కుతూనే ఉండాలి. పాపం, లాప్‌టాప్ దగ్గరి కుర్రాడు ప్రయత్నించాడు కూడా.

మందు చిన్నదే. 'సబ్‌టైటిల్ ఎడిట్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫ్రేమ్ రేటు మార్చే చోట 25 నుంచి 23.976 అని ఇస్తే ఫైలంతా ఒక్కసారే సాగుతుంది. అన్ని లిపులనూ దాచగలిగే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చెయ్యకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులౌతుంది. ఫాంటు సరిగా లేకపోతే వత్తులు అక్షరం కింద కాకుండా పక్కన పడతాయి. రెండు వరుసలు మించకూడదు, వాటి మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎక్కువ ఉండాలి, లేదంటే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. కథలో శత్రుజాతి అయిన క్లింగన్లు తమ భాషలో మాట్లాడేచోట ఇంగ్లీషు అనువాదం తెర కిందే వస్తుంది కాబట్టి అక్కడ తెలుగును తెర పైభాగానికి ఎక్కించాలి. ఇవన్నీ మొదటి పది నిమిషాలూ, చివరి పది నిమిషాలూ హాల్లోనే వేసి చూసుకుంటే బయటపడేవి. మొదటి రెండు నిమిషాలు చూసి సరే అనుకోవడమే కొంప ముంచింది.

అనువాదంలోనూ లోపాలున్నాయి. నౌకను కాంతికన్నా వేగంగా నడిపే 'వార్ప్ డ్రైవ్'ను 'వక్రగమన యంత్రం' చేస్తే నవ్వరా మరి? వల్కన్ గ్రహవాసుల ప్రాణసారమైన 'కాత్రా'ను ఆత్మ అనేయడమూ తొందరపాటే. వల్కన్ జాతి స్పాక్ చనిపోయే ముందు దాన్ని నౌకలోని డాక్టర్ మెకాయ్‌కి అప్పగిస్తాడు. పరకాయ ప్రవేశం తెలిసిన మనకి అది సగం అర్థమౌతుంది, కానీ ఇది చొరబాటు కాదు, దాచమని ఇచ్చిన సొత్తు. కాత్రాను కాత్రాగానే ఉంచాలి.

ఈ కథకు తెలుగు చెయ్యగలిగినది ఇంగ్లీషుకు చేతకాదు. కెప్టెనూ, అడ్మిరలూ అంటూ దూరం పాటించే స్పాక్ మన సబ్‌టైటిల్స్‌లో తన పై అధికారీ, స్నేహితుడూ అయిన జిమ్ కిర్క్‌ని 'మీరు' అంటాడు. స్పాక్ కోసం కిర్క్ ఆజ్ఞ ధిక్కరించి తమ రోదసి నౌక ఎంటర్‌ప్రైజ్‌ను ఎత్తుకెళ్తాడు, దాన్ని తన చేతులతోనే పేల్చేస్తాడు, కన్నకొడుకును పోగొట్టుకుంటాడు. చివర వల్కన్ గ్రహం మీద తిరిగి ప్రాణం పోసుకున్న స్పాక్ కొత్తవాణ్ణి అడిగినట్టు 'మీరు' అంటూనే మొదలుపెట్టి, ఉన్నట్టుండి గుర్తుపడతాడు: "జిమ్. నీ పేరు జిమ్." ఇంగ్లీషులో ఆ మీకూ నీకూ ఒకటే మాట. ఆ 'నీ'ని హాల్లో ఎవరూ చదవలేదు, అప్పటికే తెలుగు తీసేశారు.

పిల్లలకి తెలుగు చదవడం రాదనేది కూడా బెంగళూరులో సగం నిజమే. బడిలో కన్నడం నేర్చిన పిల్లలకి తెలుగు లిపి పరాయిది కాదు. క, త, శ లాంటి కొన్ని అక్షరాలూ, తలకట్టూ చూపిస్తే సబ్‌టైటిల్స్ కూడబలుక్కుంటారు. వారానికి ఒక గంట, ఉగాదిలోపు సరిపోతుంది.

కాబట్టి కార్యవర్గానికి విన్నపం: ఉగాదికి ఇదే సినిమా మళ్ళీ వెయ్యండి. బహిరంగ ప్రదర్శనకు హక్కుదారుల అనుమతి ముందుగా తీసుకోండి, కొన్న డిస్కుతో ఆ హక్కు రాదు. సవరించిన ఫైలు సిద్ధంగా ఉంది. శాలువాలు మాత్రం సినిమా అయ్యాక.