డిజిటల్ చందా గారికి ఒక పాత చందాదారు లేఖ

మహారాజశ్రీ డిజిటల్ చందా గారికి,

తిప్పర్తి ఎరువుల దుకాణం నుంచి, మీ పేపర్‌ను ఫోన్‌లో చదివే పాత చందాదారు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం ఈ ఉదయం బ్యాంకు మెసేజ్ చూస్తే తెలిసింది. 'మీ చందా విజయవంతంగా రెన్యువల్ అయింది.' 1,499 రూపాయలు. పోయినేడు ఇదే చందా 499.

అంతలో మా బామ్మర్ది దుకాణానికొచ్చి ఫోన్ చూపించాడు. అదే పేపర్, అదే జిల్లా పేజీ, వాడికి ఏడాదికి 399. వాడు చదివేది రాశిఫలాల వరకే.

మా దుకాణంలో పాత రైతుకు పంట చేతికొచ్చేదాకా ఉద్దెర, కొత్త మొహానికి నగదు. మీ దగ్గర కొత్త మొహానికి మర్యాద, పాతవాడికి కోత. ఇన్నేళ్లు నమ్మి చదివినందుకు 1,100 జరిమానా అన్నమాట! "బావా, నీది తీసేసి అక్క నంబర్ మీద కొత్తగా చేరరాదే, 399కే వస్తది" అని వాడి సలహా. అంటే రోజూ చదివే నా పేపర్ చదవడానికి నేను నా భార్యను కావాలి.

సరే, రద్దు చేద్దామని వెతికాను. చేరడం తేలిక, బయటపడటం కష్టం అయ్యే 'చందా ఉచ్చు'తో కలిపి 13 రకాల ఆన్‌లైన్ మాయలు కూడవని కేంద్రం 2023లోనే మార్గదర్శకాలిచ్చింది. మీ రద్దు బటన్ మాత్రం భూతద్దానికైనా దొరకదు. దొరికాక ఏమన్నారు? 'వెళ్లకండి, మీకు 50 శాతం తగ్గింపు!' తగ్గించే ధర ముందే ఉందిగా, మరి డబ్బులు గుంజే ముందు ఏమైంది? పైగా ఆ తగ్గింపు వచ్చే రెన్యువల్ నుంచట!

కాగితం మీద అచ్చేస్తే జీఎస్టీ లేని వార్తకు ఫోన్‌లో చదివితే 18 శాతం. అది ఢిల్లీవాళ్ల పని, మిమ్మల్ని అనను. డబ్బు కట్టాక కూడా వార్తకు అడ్డంగా లేచే యాదగిరిగుట్ట ప్లాట్ల ప్రకటన మాత్రం మీదే.

చందా కట్టడం నాకు బరువు కాదు. 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. పత్రికకు పైసలు కావాలని ఈ జిల్లాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చే దొంగ పీడీఎఫ్ నేను తెరవను.

కానీ ఒకటి చెప్పండి. యూరియా కోసం సొసైటీ ముందు పెట్టిన చెప్పుల వరుస ఫొటో తెచ్చింది మా మండల కంట్రిబ్యూటర్, అంటే మీ ఊరి విలేకరి. నేను పైసలు కట్టేది ఆ వార్త కోసమే. అతనికి జీతం లేదు, లైన్ అకౌంటే, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే పైసలే. నిన్న దుకాణానికొచ్చి, "అన్నా, పంద్రాగస్టు యాడ్స్ టార్గెట్ పెట్టిండ్రు, ఒకటియ్యరాదే" అన్నాడు. మొహమాటానికి ఇచ్చాను.

పైనుంచి చందా మీరు గుంజుతారు, కింద యాడ్ కోసం అతన్ని పంపుతారు. నా 1,499లో అతని చేతికి ఎంత పోతుంది? మీ చాట్‌లో అడిగితే 'మీ ప్రశ్న అర్థం కాలేదు' అని వచ్చింది. ఎందుకు అర్థం కాదు? తెలుగులోనే అడిగాను కదా! జవాబు చెప్పండి, ముందు అతనికి జీతమివ్వండి, తర్వాత నా దగ్గర 2,000 తీసుకోండి.

ఇట్లు,
వచ్చే ఏడాది నుంచి మా ఆవిడ