లా పాజ్‌లో గాలికి మీ జిమ్ సంగతి తెలియదు

బొలీవియా వెళ్లేవాళ్ల కోసమంటూ వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది, ఈ నెలలో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: లా పాజ్‌లో ఆక్సిజన్ 13 శాతమే ఉంటుంది, అయినా ఫిట్‌గా ఉన్నవాళ్లకి ఏమీ కాదు, ఐదు లీటర్ల నీళ్లు, నాలుగు కప్పుల కోకా టీ తాగితే తలనొప్పి దగ్గరికి రాదు, అక్కడ నీళ్లు ఎంత మరిగించినా క్రిములు చావవు, వారం ఓపిక పడితే స్థానికుల్లా అయిపోతారు. మూడేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

13 శాతం సంగతి ముందు. గాలిలో ఆక్సిజన్ వాటా సముద్రం ఒడ్డున ఎంతో లా పాజ్‌లోనూ అంతే, దాదాపు 21 శాతం. తగ్గేది గాలి పీడనం. సుమారు 3,600 మీటర్ల ఎత్తున అది సముద్రమట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే, అంచేత ఒక్కో శ్వాసకీ లోపలికి వెళ్లే ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. ఆ తగ్గుదలని సముద్రమట్టపు లెక్కలోకి మార్చి చెప్పే అంకె 13, దాన్ని ఆ ఫార్వర్డ్ రాసినాయన గాలిలో ఉండే ఆక్సిజన్ శాతంగా ఎత్తేశాడు. పోనీలెండి, దీనివల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

ముప్పంతా ఆ 'ఫిట్‌గా ఉంటే ఏమీ కాదు' అన్న మాటలో ఉంది. అక్కడివాళ్లు సొరోచే అనే ఈ ఎత్తు జబ్బు మీరు ఎంత వేగంగా పైకి వచ్చారు, ఏ ఎత్తులో పడుకున్నారు, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అన్నవాటిని బట్టి వస్తుంది కానీ కండలు చూసి వదిలేయదు. పైగా ఫిట్‌గా ఉన్నవాళ్లతో ఒక చిక్కుంది, ఆగమంటే ఆగరు. మా ఆఫీసుకి వచ్చిన ఒక కుర్రాడు మారథాన్‌లు పరిగెత్తేవాడు, దిగిన రోజే సూట్‌కేస్ భుజాన వేసుకుని నాలుగంతస్తులు ఎక్కేశాడు, సాయంత్రం దాకా బాగానే తిరిగాడు. రాత్రి మొదలైంది తలపోటు, వాంతులు, నిద్ర పట్టబోతుంటే ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం. అది మామూలేనని, పడుకున్నప్పుడు శ్వాస ఆగి ఆగి నడవడం ఎత్తులో చాలామందికి ఉంటుందని చెప్పినా పాపం వాడి టెన్షన్ తగ్గలేదు.

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దంటారు. బొలీవియాలోనే ఉన్న సాంతా క్రూస్ నగరం 416 మీటర్లలో ఉంది, అక్కడ లా పాజ్ విమానం ఎక్కితే గంటకల్లా 4,061 మీటర్ల ఎల్ ఆల్టో విమానాశ్రయంలో దింపుతుంది. ఇక రూలెక్కడ? వీలుంటే 2,800 మీటర్ల సూక్రేలోనో, ఇంకా కింద ఉన్న కోచబాంబాలోనో మూడు నాలుగు రోజులు ఆగి రండి. కుదరకపోతే మొదటి రాత్రులు లా పాజ్ కింది వైపు సోనా సూర్‌లో గది తీసుకోండి. ఊరు గిన్నెలా ఉంటుంది, గ్రీన్ లైన్ కేబుల్ కారులో కిందికి దిగుతుంటేనే కొందరికి తల తేలికవుతుంది. మందు కావాలంటే అసెటజోలమైడ్ ఉంది, బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఐదు లీటర్ల నీళ్లు అక్కర్లేదు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మామూలుకన్నా కాస్త ఎక్కువ తాగాలి, అంతే. మరీ అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి అదో తలనొప్పి. కోకా టీ నేనూ తాగుతాను, బాగుంటుంది. కానీ అది జబ్బుని ఆపుతుందని నమ్మి తలనొప్పితోనే ఇంకా పైకి ఎక్కేవాళ్లని చూస్తే భయమేస్తుంది. ఆ టీ తాగాక డ్రగ్ టెస్ట్‌లో కొకైన్ పాజిటివ్ రావచ్చు, ఆకు బొలీవియాలో చట్టబద్ధమే అయినా చాలా దేశాల్లో, ఇండియాలో కూడా, నేరం. గిఫ్ట్‌గా తేకండి.

అన్నిటికన్నా ముఖ్యం: కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా టీ సంగతి వదిలేసి ఆక్సిజన్ పెట్టించి వెంటనే కిందికి దించాలి. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు.

నీళ్ల మాట పూర్తిగా తప్పు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి నిజమే, కానీ క్రిములు చావడానికి అది చాలు, తెర్లాక మూడు నిమిషాలు ఉంచండి. ఉడకనివి బీన్స్. ప్రెషర్ కుక్కర్ లేకుండా మొదటి నెలలో నేను మధ్యాహ్నం పెట్టిన బీన్స్ రాత్రికి కూడా పలుకుగానే ఉన్నాయి.

వారంలో స్థానికులైపోవడమా? శ్వాస వేగం సర్దుకోవడానికి రోజులు చాలు, ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది, తరతరాలుగా అక్కడున్నవాళ్ల ఒళ్లు మనకి ఎప్పటికీ రాదు. వాళ్లలోనూ కొందరికి ఏళ్లు గడిచాక రక్తం మరీ చిక్కబడి మోంగే జబ్బు వస్తుంది. అలవాటు పడినవాళ్లు కూడా కొన్ని వారాలు కింద ఉండి తిరిగొస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. మా ఇంటి ఓనరమ్మ పుట్టి పెరిగింది ఎల్ ఆల్టోలోనే, అయినా సాంతా క్రూస్‌లో కూతురి దగ్గర నెల ఉండి వస్తే రెండు రోజులు మేడ మెట్లు ఎక్కదు, కిందే మంచం వేయించుకుంటుంది.