ఎక్కడికీ వెళ్ళని పడవలు

పడవ అనేది మనిషిని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు చేర్చే సాధనమని మనవాళ్ళు తరతరాలుగా పొరబడుతూ వచ్చారు. దీనివల్ల తెలుగుజాతికి జరిగిన నష్టం ఇంతా అంతా కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల ఓడను నాణేల మీద ముద్రించుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది, కానీ అసలు ఓడల్ని మాత్రం సరుకులెత్తి సముద్రం మీదికి తోలేశారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాత రాజుల్లా లాక్కోను, సుంకం తీసుకుని మిగతాది మీకే వదిలేస్తాను అని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. దొడ్డ మనసే, కాదనను. అయితే ఆ శాసనమంతా వెతికినా బారు ఎన్నింటికి తెరుస్తారో లేదు. సభ్యుడు వెంట ఎందరు అతిథుల్ని తేవచ్చో లేదు. ఆదివారం రేసు ఊసే లేదు. ఇంత వెనకబడిన చరిత్ర పెట్టుకుని చెన్నైలో యాట్ క్లబ్బు, అంటే సరదాకి తెరచాప పడవలు నడిపేవాళ్ళ క్లబ్బు, మెట్లెక్కుదామంటే ఎవరు ఎక్కనిస్తారు?

అందుకే ఈ ఊళ్ళో ఉంటున్న తెలుగువారి ప్రయోజనం కోరి రాయల్ మద్రాస్ యాట్ క్లబ్బు చరిత్రను కొంత అధ్యయనం చేశాను. రాజులు 1947లో పోయారు, మద్రాసు 1996లో చెన్నై అయింది. క్లబ్బు బోర్డు మీద ఇద్దరూ క్షేమంగా ఉన్నారు.

ముందు ఊరి సంగతి. మద్రాసు పుట్టింది 1639లో. హార్బరుకు శంకుస్థాపన జరిగింది 1875లో. మధ్యలో రెండొందల ముప్ఫయ్యారేళ్ళు మహానౌకలన్నీ దూరాన లంగరు వేసుకుని నిలబడితే, ఒక్క మేకు కూడా కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో చెక్కలు కుట్టిన మసూలా పడవలు అలల్లోంచి వెళ్ళి, దొరల్నీ దొరసానుల్నీ వాళ్ళ పెట్టెల్నీ దింపుకొచ్చేవి. చివరి పదడుగులూ పడవవాళ్ళు భుజాల మీద మోసి ఇసుకలో దించేవాళ్ళు. పై ఉద్యోగానికి వచ్చిన ప్రతి తెల్లదొరా మద్రాసులో అడుగుపెట్టకముందు ఒక బెస్తవాడి మెడ పట్టుకుని వేలాడాడన్నమాట. ఈ పడవవాళ్ళకు క్లబ్బు లేదు. రోజూ ఆ అలల్ని దాటినవాళ్ళకు దాన్ని ఆట అనుకునే తీరిక దొరకలేదు, అంతే.

కట్టిన హార్బరును 1881 నవంబరు తుపాను వచ్చి పగలగొట్టింది. మళ్ళీ కట్టారు. కట్టాక తెలిసిన సంగతేమిటంటే, ద్వారం తూర్పుకు ఉంది కాబట్టి అలలూ ఇసుకా మర్యాద లేకుండా నేరుగా లోపలికి వచ్చేస్తున్నాయి. 1904లో పోర్ట్ ట్రస్ట్ అధ్యక్షుడిగా వచ్చిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఐరిష్ ఇంజనీరు తూర్పు గుమ్మం మూయించి, ఈశాన్యంలో కొత్త గుమ్మం తెరిపించాడు.

వాస్తు తెలిసినవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగి దణ్ణం పెట్టుకోవచ్చు. మనం ఒక మూడు పడగ్గదుల ఫ్లాటు కొని, ఈశాన్యంలో బాత్రూం ఉందని లక్షలు పోసి పగలగొట్టించుకుంటాం. ఆయన సముద్రం గుమ్మాన్నే ఈశాన్యానికి తిప్పాడు. ఫలితం కళ్ళముందే ఉంది. చిన్న ఓడలకే భయపడిన హార్బరు పెద్ద ఓడల రేవైంది. కాకపోతే ఉత్తరంగా కదిలే ఇసుకకు హార్బరు గోడ అడ్డం పడటంతో దక్షిణాన మెరీనా మేట వేసుకుంటూ పోయింది, ఉత్తరాన రాయపురం తీరం కోసుకుపోయింది. అటు మైదానం, ఇటు కోత. ఈశాన్యం పెరిగితే మంచిదేగానీ పక్కవాడి స్థలం తరిగితే ఏమవుతుందో వాస్తు పుస్తకాల్లో రాయరు.

ఇంత కష్టపడిన మనిషికి సాయంత్రం కాస్త గాలి పోసుకోవాలని ఉండదా? 1911లో స్ప్రింగ్ దొరగారే యాట్ క్లబ్బు పెట్టారు. నీళ్ళు ఆయన అధీనంలోవి. గోడ ఆయన కట్టించిందే. ద్వారం ఆయన తిప్పించిందే. క్లబ్బుకు స్థలం కావాలని పోర్టు అధ్యక్షుడికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ అధ్యక్షుడు దాన్ని సానుభూతితో పరిశీలించి ఉంటాడని ఊహించడం కష్టం కాదు. క్లబ్బు ఉన్న తావును ఇప్పటికీ స్ప్రింగ్‌హేవెన్ అనే పిలుస్తారు.

మరుసటేడు, అంటే 1912 మార్చి 1న, అదే పోర్ట్ ట్రస్ట్ లెక్కల విభాగంలో ఒక గుమాస్తా చేరాడు. జీతం నెలకు 30 రూపాయలు. పేరు శ్రీనివాస రామానుజన్. ఆఫీసులో ఆయన అనంత శ్రేణులతో కుస్తీ పడుతుండగా, కాస్త అవతల దొరలు గాలితో కుస్తీ పడుతున్నారు. స్ప్రింగ్ దొర ఈ కుర్రాడి ప్రతిభ గుర్తించి అండగా నిలిచాడు, ఆ పుణ్యం ఆయన ఖాతాలో వేయాల్సిందే. 1914 మార్చిలో రామానుజన్ ఈ రేవులోనే ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయాడు. శాస్త్రీయంగా చూస్తే ఇది క్లబ్బు సంప్రదాయానికి పూర్తిగా విరుద్ధం. క్లబ్బులో పడవెక్కినవాళ్ళంతా పొద్దుగూకే లోపల ఎక్కిన చోటికే తిరిగొచ్చి దిగారు. గుమాస్తా ఒక్కడే నిజంగా ఎక్కడికో చేరాడు.

ఆ ఏడే సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ చీకట్లో వచ్చి వందకు పైగా గుండ్లు పేల్చి, చమురు ట్యాంకులు తగలబెట్టి పోయింది. సభ్యుడు కానివాడు అంత దగ్గరికి వచ్చి, అంత శబ్దం చేసి, చీటీ మీద సంతకం పెట్టకుండా వెళ్ళిపోవడం క్లబ్బుల చరిత్రలో అరుదు.

ఇక సౌకర్యాలు. మొదటి సౌకర్యం గేటు. పోర్టు అంటే సీఐఎస్ఎఫ్ కాపలా ఉన్న నిషిద్ధ ప్రాంతం. పాసు ఉంటేనే లోపలికి. చెన్నైకి ఇంత పొడవు తీరం ఉంది కదా, దిగితే సరిపోదా అంటారేమో. మెరీనాలో స్నానానికి దిగితే పోలీసు విజిలేస్తాడు. బెస్తల రేవు కాశిమేడులో పడవ ఎక్కాలంటే చేపలు పట్టడం వచ్చి ఉండాలి. కనుక సరదాకి తెరచాప ఎత్తాలనుకున్నవాడు కంటైనర్ లారీల వరస పక్కనుంచి, కాపలా దాటి, గోడల మధ్య కట్టేసిన ఆ కాస్త సముద్రం దగ్గరికి పోవాలి. ఒకప్పుడు అక్కడ బొగ్గూ ఇనుప ఖనిజం దింపేవాళ్ళు, ఆ ధూళంతా రాయపురం, ప్యారిస్ కార్నర్ వాళ్ళ ముక్కుల్లోకి పోయేది. 2011లో హైకోర్టు ఉత్తర్వుతో అవి ఊరికి ఉత్తరాన ఉన్న ఎన్నూరు రేవుకు తరలాయి. ఇప్పుడు ఆ ధూళి ఎన్నూరువాళ్ళ సౌకర్యం.

రెండో సౌకర్యం గాలి. వేసవిలో అది మధ్యాహ్నం దాకా రాదు. వచ్చేదాకా నీడన కూర్చోవడానికీ ఏదైనా పుచ్చుకోవడానికీ తగిన ఏర్పాట్లుంటే చాలు, క్లబ్బు ముప్పాతిక వంతు పూర్తయినట్టే.

మూడోది విద్య. పిల్లలకు ఆప్టిమిస్ట్ అనే పడవ ఇస్తారు. పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, ముక్కు కోసేసినట్టుంటుంది. కుళాయి కింద పెట్టే తొట్టికి చీర చుట్టినట్టు. అందులో పదేళ్ళ పిల్ల కూర్చుంటుంది. ఒక చేతిలో చుక్కాని, ఇంకో చేతిలో తాడు. కాళ్ళ దగ్గర నీళ్ళు తోడి పారబోయడానికి అడుగు కోసిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి, కొట్టుకుపోకుండా పడవకే కట్టి ఉంటుంది. గాలి ఒక్కసారి విసిరితే పడవ ఒరుగుతుంది. ఆ పిల్ల అంచు మీదికి జరిగి వెన్ను నీళ్ళకేసి వాల్చి, ఏం పట్టనట్టు తెరచాప కేసి చూస్తుంది. ఒడ్డున వాళ్ళమ్మ మాత్రం ఆంజనేయ దండకం చదువుతుంటుంది. బోల్తా పడటం పాఠంలో భాగం. పడ్డాక ఎలా లేపాలో ముందు నేర్పి, ఆ తర్వాతే ముందుకు పోవడం నేర్పుతారు. మన కార్పొరేట్ కాలేజీల్లో ఈ క్రమం తిరగేసి ఉంటుంది.

ఈ హార్బరు నీళ్ళలో చేయి తిరిగినవాళ్ళు ఒలింపిక్స్ దాకా వెళ్ళారు. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ 2021లో ఒమన్‌లో జరిగిన పోటీల్లో నెగ్గుకొచ్చి, ఒలింపిక్ సెయిలింగ్‌కు అర్హత సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. గణపతి, వరుణ్ ఠక్కర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 2018 ఆసియా క్రీడల్లో కంచు తెచ్చారు. ఇవి నా వాదనకు ఇబ్బంది కలిగించే విషయాలు కనుక ఇంతకంటే వివరంగా చెప్పను.

నాలుగోది దుస్తుల నియమం. 2014లో చెన్నైలో ఒక క్లబ్బుకు పంచె కట్టుకుని వెళ్ళిన హైకోర్టు న్యాయమూర్తిని గుమ్మంలోనే ఆపేశారు. అది యాట్ క్లబ్బు కాదు. గొడవ అసెంబ్లీకెక్కి, పంచె కట్టుకున్నవాణ్ణి ఆపకూడదని ఏకంగా చట్టం చేశారు. చట్టం సరే, పంచెకు సముద్రం మీద ఉన్న అవకాశాన్ని ఎవరూ గమనించలేదు. లెక్క చెబుతాను. లేజర్ తరగతి పడవల్లో అన్నిటికన్నా చిన్న తెరచాప 4.7 చదరపు మీటర్లు. ఎనిమిది మూరల పంచె పొడవు మూడుమ్ముప్పావు మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు మీటరుంబావు. గుణించండి. దాదాపు 4.6 వస్తుంది. తెరచాప చిరిగి నడిసముద్రంలో నిలిచిపోయిన ప్యాంటువాణ్ణి ఎవరు కాపాడతారు? పంచెవాడు తనను తానే కాపాడుకుంటాడు. ఒడ్డున దిగేటప్పటి సమస్య వేరే.

ఈ పరిశోధనంతా మా తోడల్లుడికి వినిపించాను. నెల్లూరు వాడు, తొండియార్‌పేటలో సరుగుడు కట్టెల వ్యాపారం. ఓపిగ్గా విని, "చేపలేమన్నా పడతయ్యా అన్నా?" అన్నాడు.

పడవు, ఇది ఆట అన్నాను.

"పడవేసుకొని పొయ్యి, ఉత్తచేతుల్తో వచ్చేదానికి ఫీజు కట్టాల్నా?"

నేను చెప్పిన సూక్ష్మం వీడికి అందలేదు. అందకపోవడానికి కారణం ఉంది. వీడి తాత బకింగ్‌హామ్ కాలువ మీద సరంగు. చీరాల దగ్గరి పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా దక్షిణాన మరక్కాణం దాకా దాదాపు 420 కిలోమీటర్ల కాలువ అది. 1806లో ఎన్నూరు వైపు మొదలై, 1876-78 ధాత కరువులో ఆకలితో వచ్చిన కూలీల చేత తవ్వించి కలిపారు. కరువు కూలీలు తవ్విన కాలువకు గవర్నరుగారి పేరు పెట్టారు. దాని మీద బియ్యం, ఉప్పు, కట్టెలు తెరచాప పడవల్లో మద్రాసు బేసిన్ బ్రిడ్జి దాకా వచ్చేవి. గాలి ఉంటే తెరచాప. లేకపోతే గెడ. గెడకు కూడా లొంగకపోతే ఇద్దరు గట్టు మీదికి దిగి తాడు భుజానికేసుకుని నడుస్తూ లాగాలి. వీడి తాతకు కుడి భుజం మీద మెడ దగ్గర్నుంచి చంక దాకా నల్లటి కాయకట్టిన చార ఉండేదట. పిల్లలు దాని మీద వేలుతో గీసుకుంటూ ఆడుకునేవాళ్ళట. ఏ యాట్ క్లబ్బు గోడ మీదా అలాంటి ట్రోఫీ నేను చూడలేదు. ఆయన ఎన్ని ఎదురుగాలులు దాటాడో లెక్క రాసే గుమాస్తా ఆ గట్టు మీద లేడు. అందువల్ల దాన్ని చరిత్ర అనరు, రవాణా అంటారు.

తర్వాత రైళ్ళొచ్చాయి, లారీలొచ్చాయి, అరవైల్లో తుపానులు కొట్టాయి, పడవలు ఆగిపోయాయి. ఊళ్ళో మిగిలిన కాలువలోకి మురుగు వదిలారు. అదీ చాలక దాని నడుం మీద ఎమ్మార్టీఎస్ అనే సిటీ రైలుకు స్తంభాలు దింపారు. మైలాపూరు నుంచి చేపాక్ వైపు పోయే రైల్లో కిటికీ పక్క సీటు దొరికితే కిందికి చూడండి. నల్లగా కదలకుండా ఉంటుంది.

నా ప్రతిపాదన ఇక్కడ మొదలవుతుంది. మద్రాసు మనదే అని మన పెద్దలు అడిగారు, ఇవ్వలేదు. పోనీ, కాలువ అడుగుదాం. రాయల్ నెల్లూర్ కెనాల్ క్లబ్బు, స్థాపితం 1806. అంటే యాట్ క్లబ్బుకన్నా నూట అయిదేళ్ళు సీనియర్లం. బేసిన్ బ్రిడ్జి దగ్గర క్లబ్‌హౌస్. రేసులో తేలే బోయాలు అక్కర్లేదు, చుట్టి రావడానికి ఎమ్మార్టీఎస్ స్తంభాలు ప్రభుత్వమే పాతిపెట్టింది. బోల్తా పడితే మిగతా క్లబ్బుల్లో రేసులో వెనకబడతారు, ఇక్కడ టెటనస్ ఇంజెక్షను క్లబ్బే వేయిస్తుంది. పంచె తప్పనిసరి. సభ్యత్వ రుసుము ఒక బస్తా మొలగొలుకులు. పోషకుడిగా ఒక రాజుగారు కావాలి, వెంకటగిరి వైపు విచారిస్తున్నాం. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం క్లబ్బు టై కిందికి వస్తుందా రాదా అన్నది కమిటీ తేల్చాలి.

కార్యదర్శి పదవికి తోడల్లుణ్ణే అడిగాను. తాత పేరు మీద ఒక షీల్డు కూడా పెడతానన్నాను. కాసేపు ఆలోచించి, "షీల్డ్ సంగతి తర్వాత సూద్దాం గానీ, బారుకి లైసెన్సు వచ్చేటట్టుంటే చెప్పన్నా, అప్లికేషన్ నేను రాస్తా" అన్నాడు.