గోడకున్న నిరోధ్ (సర్కారు కండోం) డబ్బాకు, ఓపీ లైన్ల నుంచి

పెద్దబాపూ, దండాలు.

పెద్దబాపు అన్ననని ఏమనుకోకు, నువ్వు 1968ల మార్కెట్లకొచ్చినవంట, 15 పైసలకు మూడు అమ్మిండ్రంట, అంటే మా బాపు కంటే ముందుపుట్టినోనివి. ఇప్పుడైతే సర్కారు దవాఖానల ఫ్రీ. మరి గింత పెద్దరికం ఉన్నోన్ని తగిలేసిన జాగేందే?

ఓపీ చీటీల లైన్‌కు ఎదురుంగ, బీపీ గోలీల కోసం కూసున్న ముసలోళ్ల బెంచీ పక్కకే. మీద ఎర్ర త్రిభుజం, కింద పెద్దక్షరాలల్ల ‘ఉచితం’. మొన్న సోమారం హన్మకొండ నుంచి బండేసుకొనొచ్చి గంటసేపు నీ పక్కనున్న దోమల పోస్టర్ సదివిన, డెంగీ దోమ పగటిపూట కుడుతదని నాకిప్పుడు నోటికొచ్చు, లైన్ జర పల్సవడ్డదని చెయ్యి లోపల పెట్టిన్నో లేదో ఎన్కనుంచి, "బిడ్డా, అమ్మ మంచిగున్నదా?" అని ఒక పెద్దమ్మ. చెయ్యి ఉత్తగనే బయటికొచ్చింది, వచ్చింది ఊకుంటదా, సీదా నోటికాడికి పోయింది, దగ్గిన. దగ్గుమందు రాసిచ్చిండ్రు.

మెడికల్ షాపుల కొనుక్కోరాదురా అంటవ్. ఆడ అడిగితే ఆ అన్న లోపలున్న పిల్లగానికి ఒర్రి చెప్తడు, మేడారంల తప్పిపోయినోళ్లను మైకుల పిలిచినట్టు.

మా పోరగాండ్లదన్న నయమే. మా క్లాస్ పిల్ల ఒకామె మూన్నెల్లసంది పీరియడ్స్ రాట్లేదని ఒక దవాఖానకు పోతే, నొప్పుందా అని కాదు, పెండ్లయిందా అనడిగిండ్రంట. కాలేదన్నది. మరెందుకొచ్చినవ్ అన్నరంట. మళ్ల పోలే, యూట్యూబ్‌ల చూసి మెంతులు నానవెట్టుకుంటున్నది. 18 నిండితే అబార్షన్‌కు సుత ఇంటోళ్ల సంతకం అక్కర్లేదు, పెండ్లయినోళ్లకో లెక్క కానోళ్లకో లెక్క వద్దని 2022ల సుప్రీంకోర్టే చెప్పింది, గీ పిల్ల అడిగింది పీరియడ్స్ గురించే గద!

10 నుంచి 19 ఏండ్లోళ్ల కోసమని సర్కారు 2014ల ఒక ప్రోగ్రాం పెట్టింది, దాంట్ల కౌమార క్లినిక్‌లు, కౌన్సిలర్లు అన్నీ ఉన్నయి. మా రూంల అడిగితే ఒకడు అది జిమ్మా అన్నడు. కడుపు రాకుండ 72 గంటల్లోపట ఏసుకునే గోలీకి డాక్టర్ చీటీ అవసరం లేదని ఒక్కనికి ఎరుక లేదు. పచ్చి బొప్పాయి సంగతి మాత్రం అందరికెరుకే, అదేం యూనివర్సిటీల చెప్తరో.

నీ తప్పేం లేదు పెద్దబాపూ, మొల కొట్టినోనికి చెప్పు. బండ్లు పెట్టేకాడ ఎన్కగోడకో, బాత్రూం తలుపు లోపలి దిక్కో మార్చమను. కాదంటే కనీసం ఆ బెంచీనన్న అటు తిప్పమను.

ఇట్లు,
దగ్గు లేకుండనే మూడు సీసాల దగ్గుమందు తెచ్చుకున్న నీ కొడుకు.