గొడుగు చాటు ఓడ

మా బాబాయి దగ్గర తాతయ్య పాత ఫొటో ఒకటి ఉంది. విశాఖ హార్బరులో, పంచె మీద కోటు, చేతిలో విప్పిన గొడుగు. వెనకాల సరుకుల ఓడ. దాని ముక్కు మీద ఇంగ్లీషులో ‘జల’ అని నాలుగక్షరాలు చక్కగా కనిపిస్తాయి. మిగతా పేరంతా గొడుగు మింగేసింది.

“ఇది జలఉషే రా. నెహ్రూ గారు పక్కనే ఉండుంటారు, ఫొటోలో పడలేదంతే” అని బాబాయి తీర్పు.

స్వతంత్ర భారతంలో తయారైన మొదటి స్టీమరు జలఉష. 1948 మార్చి 14న ఇక్కడి సింధియా యార్డులోనే నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది. కొత్తింటి హాల్లో ఆ ఫొటో తగిలించి, గృహప్రవేశానికొచ్చే చుట్టాలకి ఈ కథ చెప్పాలని బాబాయి ఉబలాటం. రుజువు మాత్రం నేను తేవాలి.

చిక్కేమిటంటే, సింధియా కంపెనీకి ‘జల’ ఓడలు బోలెడు. జలప్రభ ఉంది. 1933 అక్టోబరు 7న కొత్త హార్బరులోకి మొదట అడుగుపెట్టిన జలదుర్గా వాళ్లదే. ఓడల పేర్ల చిట్టా అయిన పాత లాయిడ్స్ రిజిస్టరు తిరగేస్తే జల, జల, జల... గోదావరి జిల్లాకి వెళ్లి ‘సత్యనారాయణ గారిల్లెక్కడండీ’ అని అడిగినట్టుంది నా పని.

బాబాయి స్కేలు పట్టుకొచ్చాడు. “గొడుగు వెడల్పు చూడు. నాలుగక్షరాలకి మించి పట్టవు. యు, ఎస్, హెచ్, ఏ. సరిపోయిందా?”

“గొడుగు కెమెరాకి దగ్గరుంది బాబాయ్. దాని వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా పడుతుంది.”

భూతద్దం పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. జలప్రవేశం అయ్యాక కూడా ఓడకి బిగించాల్సిన సామాను బోలెడు ఉంటుంది. పైగా ఖాళీ ఓడ నీళ్ల మీద ఎత్తుగా తేలుతుంది. ఇదేమో సరుకుతో బాగా దిగిపోయి ఉంది. ఇంతకు మించి ముంచకూడదని పక్కన వేస్తారే గుండ్రటి ప్లిమ్సాల్ గుర్తు, అది దాదాపు నీళ్లని తాకుతోంది. జలఉష అయితే కావచ్చు గానీ, నెహ్రూ వచ్చిన రోజు మాత్రం కాదు.

బాబాయి మొహం మాడ్చుకున్నాడు. పిన్ని కాఫీ ఇస్తూ, “ఫొటో వెనక పెన్సిలుతో ఏదో రాసుందిగా, తేదీయేమో” అంది, ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదన్నట్టు.

తెమ్మంటే బాబాయి నీళ్లు నమిలాడు. అప్పటికే ‘క్లీనింగ్‌’కని స్టూడియోకి ఇచ్చేశాడట!

ఇద్దరం స్కూటరు మీద పరుగు. ఫొటోని అట్ట మీద జిగురుతో అంటించేసి ఉంది. తేదీ ఇక తాతయ్యకే తెలియాలి. పక్కన కంప్యూటరులో కొత్త కాపీ మెరిసిపోతోంది. పొగని మరకనుకుని తుడిచేశారు. ప్లిమ్సాల్ గుర్తు బూజు కింద లెక్కకట్టి తీసేశారు. బాబాయి ముందే చెప్పి ఉంచాడు కాబట్టి గొడుగూ పోయింది, ఆ చోట ‘జలఉష’ అని నిగనిగలాడే అక్షరాలు. గొడుగు లేని తాతయ్య మాత్రం పిడికిలి పైకెత్తి, ఓడ మీదికి సమ్మెకి వెళ్తున్నట్టు నిలబడ్డాడు.

నాకు నోట మాట రాలేదు. స్టూడియో కుర్రాడు దాన్ని మెచ్చుకోలు అనుకున్నట్టున్నాడు.

“ఇటుపక్క ఖాళీగా ఉంది సార్. నెహ్రూ గారిని పెట్టేయమంటారా? మూడొందలు ఎక్స్‌ట్రా.”

బాబాయి నా వైపు చూడకుండా పర్సు తీశాడు. “గులాబీతో సహానా?”