బాల్ పూల్ ఫార్వర్డ్‌కి నా జవాబు: భయపడాల్సింది బంతులకి కాదు

ఎండాకాలం సెలవులు కదా, హనుమకొండ నుంచి పెదనాన్న మనవలిద్దర్నీ తీసుకుని హైదరాబాద్ వస్తున్నారు, మా ఇద్దరు పిల్లలతో కలిపి నలుగుర్నీ మాల్‌లో ప్లే ఏరియాకి తీసుకెళ్దామని ఫ్యామిలీ గ్రూపులో అనుకున్నామో లేదో, అరగంటలో పెదనాన్న దగ్గర్నుంచే ఓ ఫార్వర్డ్ దిగింది. మీకూ వచ్చే ఉంటుంది. బాల్ పూల్‌లో, అంటే పిల్లలు దిగి ఆడే ప్లాస్టిక్ బంతుల తొట్టిలో, సూది గుచ్చుకుని పిల్లాడు చనిపోయాడట, బంతుల నిండా రోగాలేనని అమెరికా సైంటిస్టులు తేల్చారట, ఏసీలో ఆడితే న్యుమోనియా వస్తుందట, మన చిన్నప్పుడు మట్టిలో ఆడి ఉక్కులా పెరిగామట. ఇక తప్పదనుకుంటే బంతులు లేని ట్రాంపోలిన్ పార్కుకి, అంటే సాగే గుడ్డ మీద ఎగిరే చోటికి, తీసుకెళ్ళి పిల్లలందర్నీ కలిపి ఎగరనివ్వాలట. దెబ్బకి మా వదిన ట్రిప్పే వద్దంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు సూది. ఇది 1990ల చివర్లో అమెరికాలో ఈమెయిళ్ళలో తిరిగిన కథ. ఓ ఫాస్ట్‌ఫుడ్ హోటల్ బాల్ పూల్‌లో మత్తుమందు సూది గుచ్చుకుని పిల్లాడు పోయాడని, హ్యూస్టన్ పత్రికలో వేశారని అందులో ఉండేది. ఆ పత్రికలో అలాంటి వార్తే రాలేదని తేలింది. పాతికేళ్ళుగా ఊరు మార్చుకుంటూ తిరుగుతోంది, మాకొచ్చిన దాంట్లో బెంగళూరు. తారీఖు లేదు, మాల్ పేరు లేదు, పిల్లాడి వయసు మాత్రం ఉంది, మనకి ఏడుపు రావాలి కదా మరి.

బాక్టీరియా సంగతి అలా కొట్టిపారేసేది కాదు, ఎందుకంటే ఇందులో సగం నిజం. 2019లో అమెరికాలోని నార్త్ జార్జియా యూనివర్సిటీ వాళ్ళు నిజంగానే బాల్ పూల్స్ పరీక్షించారు. కానీ అవి మాల్స్‌లోవి కావు, ఫిజియోథెరపీ క్లినిక్కుల్లో పిల్లల చికిత్సకి వాడేవి, మొత్తం ఆరంటే ఆరు. బంతుల మీద 31 రకాల బాక్టీరియా దొరికాయి, కొన్ని రోగం తెప్పించగలిగినవే. అయితే ఆడిన పిల్లల్లో ఎంతమందికి జబ్బు చేసిందన్నది వాళ్ళు లెక్కపెట్టలేదు. శుభ్రం చేసే పద్ధతి సరిగ్గా ఉండాలన్నారు, పిల్లల్ని ఇంట్లో కట్టేయమనలేదు. మెట్రోలో పట్టుకునే కడ్డీని తుడిచి ల్యాబ్‌కి పంపినా ఇలాంటి లిస్టే వస్తుంది.

అలాగని నేను కళ్ళు మూసుకుని దింపను. బంతులు ఎన్నాళ్ళకోసారి కడుగుతారని కౌంటర్లో అడుగుతాను, "రోజూ మేడమ్" అంటే నమ్మేసి ఊరుకోకుండా ఓ బంతి చేత్తో పట్టుకుని చూస్తాను, జిడ్డుగా ఉంటే వెనక్కి. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లల్ని బాల్ పూల్‌లోకి అసలు దింపను. ఆట అయ్యాక తినేముందు సబ్బుతో చేతులు కడిగించాల్సిందే, ఎందుకంటే వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ లాంటివి శానిటైజర్‌కి అంత తేలిగ్గా చావవు. ఇంకోటి, జ్వరమో నోట్లో పొక్కులో ఉన్న పిల్లాణ్ణి "టికెట్ కొనేశాం కదా" అని తీసుకొచ్చే తల్లిదండ్రులున్నారే, బంతుల కన్నా వాళ్ళతోనే నాకు టెన్షన్.

ఏసీకి న్యుమోనియా రాదు, సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. చెమట పట్టిన చొక్కా మార్చండి, చాలు.

మట్టిలో ఆట గురించి పెదనాన్నతో నాకు గొడవ లేదు, ఏడు పెంకులాట ముందు మాల్‌లో ఏ ప్లే ఏరియా అయినా దిగదుడుపే. సాయంత్రం పార్కుకి వెళ్దాం, పైసా ఖర్చు లేదు. కానీ మే నెల మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండలో, నలుగురు పిల్లలు రెండు గదుల ఫ్లాట్‌లో, పన్నెండు నుంచి అయిదు దాకా ఏం చేయాలో ఆ ఫార్వర్డ్ రాసినాయన వచ్చి చూపిస్తే బావుండేది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండిన పాయింట్: ట్రాంపోలిన్ మీద అందర్నీ కలిపి ఎగరనివ్వమనడం. ఈ ఫార్వర్డ్‌లో నిజంగా ప్రమాదం ఉన్న ముక్క ఇదొక్కటే, దాన్నే సలహాగా ఇచ్చారు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో రాసిన దాని ప్రకారం ట్రాంపోలిన్ గాయాల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఒకేసారి ఒకరి కన్నా ఎక్కువమంది ఎగిరినప్పుడు అయినవే, అందులోనూ దెబ్బ తగిలేది చిన్నవాళ్ళకే. ఎందుకంటే పదకొండేళ్ళవాడు దూకితే సాగిన గుడ్డ పైకి తన్నుకొస్తుంటుంది, సరిగ్గా అప్పుడే మూడేళ్ళది కిందికి దిగిందనుకోండి, దానికది మెత్తటి గుడ్డ కాదు, గట్టి నేల. మోకాలి కింద ఎముక చిట్లేది ఇలాగే. పార్కుల్లో ఒక గడికి ఒక్కరే అనే రూల్ గోడమీద రాసే ఉంటుంది, ఆదివారం రద్దీలో పాటించేవాళ్ళే ఉండరు. మా చిన్నది, పెదనాన్న పెద్ద మనవడు ఒకే గడిలో ఎగరడం మాత్రం జరగదు, ఎవరేమనుకున్నా సరే.

ఇంత భయపెట్టిన ఆ ఫార్వర్డ్‌లో మంటల గురించి ఒక్క ముక్క లేదు. 2024 మే 25న రాజ్‌కోట్‌లో గేమ్ జోన్ తగలబడి పాతిక మందికి పైగా చనిపోయారు, అందులో పిల్లలూ ఉన్నారు. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి) లేదు, రేకుల షెడ్డు, లోపల ఇంధనం నిల్వ, పక్కనే వెల్డింగ్ పని. అది కల్పించిన కథ కాదు. అప్పట్నుంచీ నేను టికెట్ కొనేముందు చూసేది బయటికి దారులెన్ని అని. పోయినేడాది ఒకచోట ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా బర్త్‌డే పార్టీ కుర్చీలు దొంతర పేర్చి ఉంటే అడిగాను, "సండే కదా మేడమ్, రేపు తీసేస్తాం" అన్నాడు మేనేజర్. పిల్లలు ఏడ్చారు, అయినా వచ్చేశాం.

పెదనాన్నా, ఇదంతా చదివే ఓపిక మీకు ఉండదని తెలుసు, అందుకని సంగతి ఇది: ఆదివారం కాదు, మంగళవారం పొద్దున పదకొండింటికి, తెరిచీ తెరవగానే వెళ్తున్నాం. మీరు బయట కాఫీ తాగుతూ కూర్చోవడం కుదరదు, ఇద్దరు పిల్లలకి ఒక పెద్దవాళ్ళు చొప్పున లోపలే ఉండాలి, ఫోన్ బ్యాగ్‌లో ఉండాలి. కాలు జారకుండా వేసుకునే గ్రిప్ సాక్సులు కౌంటర్లో మళ్ళీ కొనక్కర్లేదు, మా ఇంట్లో నాలుగు జతలున్నాయి, ఉతికే ఉన్నాయి.